మర్నాటి పొద్దున లేచి నిలబడాలి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పోయినసారి ఇదే సమయానికి ఆవకాయ బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పాను. ఈసారి ఎడ్ల గురించీ, గుర్రాల గురించీ చెబుతానంటే రేడియోవారే కాస్త వింతగా చూశారు. మీరూ అలాగే అనుకుంటున్నారేమో. పాలపాకెట్టు గుమ్మంలో పడే ఇళ్ళలో ఉన్న మనకి ఎడ్ల కాళ్ళతో ఏం పనండీ అని. కాస్త ఓపిక పట్టి వినండి. పొయ్యి మీద పప్పుంటే మంట తగ్గించి వినండి.

మా పుట్టిల్లు దెందులూరు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు రైలెక్కితే ఇట్టే వచ్చేస్తుంది. నేను పదో తరగతితో చదువాపిన మనిషిని. కానీ పశువుల సావిట్లో చదివిన చదువు మాత్రం నాకు బాగానే వంటబట్టింది. మా నాన్నగారికి ఒంగోలు గిత్తలంటే ప్రాణం. ట్రాక్టర్లు వచ్చి ఊళ్ళో ఎడ్లు ఒక్కొక్కటే మాయమవుతున్న రోజుల్లో కూడా ఆయన సావిడి ఖాళీ కానివ్వలేదు. "దుక్కికి ట్రాక్టరు, కంటికి ఎద్దు" అనేవారు.

మన జిల్లాల్లో సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్ళకీ జరిగే బండలాగుడు పోటీలు మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారికోసం చెబుతాను. పెద్ద రాతిబండకి గొలుసు వేసి, కాడికి కడతారు. కొలత వేసిన బరిలో జత ఎడ్లు ఆ బండను ఈ కొస నుంచి ఆ కొసకీ, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకీ లాగుతూ ఉండాలి. ఇన్ని నిమిషాలని గడువు పెడతారు. ఆ గడువులో ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలిచి బహుమతి ఇస్తారు. అన్ని ఎడ్లనీ ఒకే గాటన కట్టరు. పళ్ళను బట్టి వర్గాలుంటాయి. పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు, ఆరు పళ్ళవి వేరు. పళ్ళను బట్టే బండ బరువు కూడా. ఎందుకంటే ఎద్దు వయసు దాని నోట్లోనే రాసి ఉంటుంది. రమారమి రెండు, రెండున్నరేళ్ళకి పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వస్తాయి. ఆ తర్వాత ఒక్కో జత చొప్పున పెరిగి, ఎనిమిది పళ్ళూ నిండేసరికి నాలుగున్నర, అయిదేళ్ళు పడుతుంది. అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా, కొనేవాడు ముందు పెదవి ఎత్తి చూసేది అందుకే.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. గంట కొట్టగానే పరుగు లంకించుకున్న జత గెలుస్తుందని జనం అనుకుంటారు. ఈలలూ, కేకలూ దానికే. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆ జత నోటివెంట నురుగు కారుతుంది, అడుగు కురచవుతుంది. మొదటి చుట్టూ, ఆఖరి చుట్టూ ఒకే తీరున నడిచిన జతే ఎక్కువ అడుగులు లాగుతుంది. మా చిన్నప్పుడు ఏలూరు పవర్‌పేటలో మా పెద్దమ్మ ఇంటికి జట్కాలో వెళ్ళేవాళ్ళం. ఆ జట్కాతాత స్టేషను దగ్గర బయలుదేరగానే గుర్రాన్ని నడిపించేవాడే గాని పరుగెత్తించేవాడు కాదు. మధ్యలో దౌడు. మళ్ళీ ఇల్లు ఇంకా నాలుగు వీధులుందనగా నడక. "ఇంకాస్త తొందరగా పోనీ తాతా" అని మేము గోల చేస్తే, "నాకు రేపు కూడా ఈ గుర్రమేనమ్మా" అనేవాడు. అప్పుడు నవ్వొచ్చింది.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

1990లో నాన్నగారు ఒంగోలు వైపు నుంచి ఒక కోడెదూడల జతను తెచ్చారు. అప్పటికింకా పాలపళ్ళే. డబ్బు చాలక అమ్మ మెళ్ళో నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెట్టారు. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ జతను మొదటిసారి చూసినప్పుడు తన గొలుసునే చూసుకున్నట్టు చూసింది. రాముడు, భీముడు అని పేర్లు పెట్టాం. రామారావుగారి సినిమా పేరు, అదీ సంగతి.

నాన్నగారు వాటిని పెంచిన తీరు ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. మొదటి ఆరునెలలూ పలుపు పట్టుకుని పుంతరోడ్డు వెంబడి నడిపించడమే. తర్వాత ఉత్త కాడి. ఆ తర్వాత ఉత్త బండి. ఆ తర్వాత సగం బరువు. గట్టి రోడ్డు మీద కాదు, మెత్తటి దుక్కి నేలలో. మా అన్నయ్యకి అప్పుడు ఇరవై ఏళ్ళు. ఊళ్ళో తోటివాళ్ళ జతలు పోటీలకి వెళ్ళి ఫొటోలు దిగి వస్తుంటే వాడికి నిద్ర పట్టేది కాదు. "మన జత వాళ్ళ జతకంటే వాటంగా ఉంది కదా నాన్నా" అనేవాడు. నాన్నగారు ఒకటే మాట అనేవారు: "ఎద్దుకి ఊపిరి నెలలో వస్తుంది. కండ ఆర్నెల్లలో వస్తుంది. కాలు రావడానికి మూడేళ్ళు పడుతుందిరా."

ఆ మాట అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. మా అమ్మాయి గన్నవరం పశువైద్య కళాశాలలో చేరాక, సెలవులకొచ్చినప్పుడు దానికి చెప్పాను. అది పుస్తకం తెరిచి, "తాతయ్య చెప్పింది అక్షరాలా నిజమేనమ్మా" అంది. గుండె, ఊపిరితిత్తులు, కండ, వీటికి నెత్తురు పుష్కలంగా అందుతుంది కాబట్టి శ్రమకి తొందరగా అలవాటు పడతాయట. కండని ఎముకకి కట్టే స్నాయువులుంటాయే, మనం వాడుకలో నరాలంటాం, వాటికి నెత్తురు సరఫరా తక్కువ. అవి గట్టిపడటానికి నెలలూ ఏళ్ళూ పడుతుంది. ఎముకకీ సమయం పడుతుంది. అంచేత ఏమవుతుందంటే, కొంతకాలం సాధన చేసిన పశువుకి దమ్ము పుష్కలంగా ఉంటుంది, ఎంత తోలినా పరుగెడుతుంది. కాళ్ళు మాత్రం ఇంకా ఆ దమ్ముకి తగినట్టు తయారై ఉండవు. నీరసంగా ఉన్న ఎద్దు తనే ఆగిపోతుంది, దాంతో భయం లేదు. హుషారుగా ఉన్నదాంతోనే ప్రమాదం. అది ఆగదు, మనమే ఆపాలి.

1993లో నాన్నగారికి ఆపరేషను అయింది. నెల్లాళ్ళు ఏలూరులో మా పెద్దనాన్నగారింట్లో ఉండిపోయారు. ఇంటి దగ్గర అన్నయ్యదే పెత్తనం. జతకి అప్పుడు నాలుగు పళ్ళు. ఇంకేముంది, మూడు వారాల్లో మూడు పోటీలు.

మొదటిదాంట్లో మొదటి బహుమతి. డప్పులతో ఊరేగించుకొచ్చారు. నేనే ఎదురెళ్ళి ఎడ్ల నొసట పసుపూ కుంకుమా పెట్టాను. వద్దని ఒక్క మాట అనలేదు. అనాలని తోచనూ లేదు. రెండో పోటీ ఆరో రోజున. దాంట్లో రెండో బహుమతి.

ఆ మర్నాడు పొద్దున అమ్మ కుడితి తొట్టె నింపడానికి సావిట్లోకి వెళ్ళింది. ఎప్పుడూ అమ్మ అడుగుల చప్పుడుకే లేచి నిలబడే భీముడు ఆరోజు తాపీగా లేచాడు. లేచి, ఎడమ ముందుకాలు ఆనీ ఆననట్టు నిలబడ్డాడు. తింటున్నాడు, తోక ఆడిస్తున్నాడు, నడిపిస్తే నడుస్తున్నాడు. పైకి కుంటు లేదు. అమ్మ వంగి మోకాలి కింద చెయ్యి వేసి చూసింది. తర్వాత కుడికాలి మీద వేసింది. మళ్ళీ ఎడమకాలి మీద వేసింది. "ఈ కాలు వెచ్చగా ఉందిరా" అంది. అన్నయ్య కూడా చూశాడు. వాడికి తేడా తెలియలేదు. రోజూ పిల్లల నొసటి మీద చెయ్యి వేసి జ్వరం చూసే చేతికి తెలిసేది మగాడి చేతికి తెలియదేమో మరి. "కాస్త ఉలవలు ఎక్కువ పెట్టమ్మా, సర్దుకుంటుంది" అన్నాడు. ఆ పూటకి అమ్మ ఊరుకుంది. ఊరుకున్నందుకు తర్వాత చాలా ఏళ్ళు తనని తనే తిట్టుకుంది.

మూడో పోటీ. సగం గడువు దాకా మా జతే ముందు. ఆ తర్వాత మలుపు తిరుగుతుండగా భీముడు ముందుకాళ్ళ మీద కూలబడ్డాడు. తోలేవాడు చర్నాకోల ఎత్తితే అన్నయ్యే అడ్డం పడ్డాడు, ఆ మాత్రం బుద్ధి ఆ క్షణంలో వచ్చింది. లారీలో తీసుకొచ్చారు. స్నాయువు తెగింది, కట్టు కట్టి ఆర్నెల్లు కదపొద్దన్నాడు పశువుల డాక్టరు. ఆర్నెల్లు కాదు, ఏడాది అయింది. నడక వచ్చింది. బండ లాగే కాలు మాత్రం మళ్ళీ రాలేదు. జతలో ఒకటి పోతే రెండోదానికి విలువ లేదు. రాముడి పక్కన ఎన్ని గిత్తల్ని కట్టి చూసినా అడుగు కలవలేదు. అప్పిచ్చినాయన గడువు దాటగానే గొలుసు వేలం వేసేశాడు. మా అమ్మ మెళ్ళో పసుపుతాడు తప్ప మరేమీ లేకుండా నా పెళ్ళి పీటల దగ్గర నిలబడింది.

నాన్నగారు అన్నయ్యని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని వాడు ఇప్పటికీ అంటాడు.

ఇక గుర్రాల సంగతికొస్తాను. గుర్రప్పందెం అనగానే మనకి గుర్తొచ్చేది హైదరాబాదు మలక్‌పేట. అక్కడి పెద్ద పందెం కూడా రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. మా అమ్మాయి చెప్పింది వేరే రకం పందెం. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో 1955లో వెండెల్ రోబీ అనే ఆయన మొదలుపెట్టాడు. టెవిస్ కప్పు అంటారు. నూరు మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, కొండలూ లోయలూ దాటి ఇరవైనాలుగు గంటల్లో చేరాలి. తెల్లారకుండా బయలుదేరితే అర్ధరాత్రి దాటాక కూడా వెన్నెల్లో వస్తూనే ఉంటారట. బయలుదేరినవాటిలో దాదాపు సగమే చేరతాయి. తక్కినవి ఏమైపోయాయి అనుకుంటున్నారా? ఎక్కువభాగం దారిలో డాక్టర్లు ఆపేసినవే.

అదే ఈ పందెంలో ముఖ్యం. దారి పొడుగునా మకాములుంటాయి. ప్రతి మకాములోనూ పశువుల డాక్టరు గుర్రం నాడి చూస్తాడు. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి నలభైకి అటూ ఇటూగా కొట్టుకుంటుంది. పరుగెత్తి వచ్చాక, ఇచ్చిన గడువులో అది 64కో, అక్కడ పెట్టిన హద్దుకో దిగిరావాలి. దిగిరాకపోతే పందెం అక్కడితో సరి. మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదిలి, ఎంత తొందరగా సర్దుకుంటుందో చూసి ఒంట్లో నీరు తగ్గిందేమో కనుక్కుంటాడు. పసిపిల్లలకి విరేచనాలైతే మనమూ అలాగే చూస్తాం కదా. చిగురు నొక్కి రంగు చూస్తాడు. కడుపుకి గొట్టం ఆనించి పేగుల చప్పుడు వింటాడు. చివరికి నాలుగడుగులు దౌడు తీయించి, నడకలో తేడా ఉందేమో చూస్తాడు. గుర్రం మీద కూర్చున్న దొర ఎంత గొప్పవాడైనా డాక్టరు మాటకి ఎదురు లేదు. ఆరేళ్ళు నిండని గుర్రాన్ని అసలు రానివ్వరు. రెండేళ్ళ పిల్లల్ని పరుగెత్తించే రేసుకోర్సులకీ దీనికీ అదీ తేడా.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటుంది. ముందొచ్చిన గుర్రానికి ఒక కప్పు ఇస్తారు, సరే. 1964 నుంచీ హాగిన్ కప్పని రెండోది కూడా ఇస్తున్నారు. మొదటి పదిమందిలో వచ్చిన గుర్రాల్ని మర్నాడు మళ్ళీ పిలిచి పరీక్షిస్తారు. ఏది బాగా ఉందో, ఏది ఇప్పటికిప్పుడు మళ్ళీ బయలుదేరమన్నా బయలుదేరగలిగేట్టుందో దానికి ఆ కప్పు. ఈ రెండో కప్పునే గొప్పగా చెప్పుకునే రౌతులు బోలెడుమంది ఉన్నారట. అది వినగానే నాకు మా సావిడి గుర్తొచ్చింది. ఆ కప్పుకి న్యాయనిర్ణేతగా మా అమ్మను కూర్చోబెట్టొచ్చు.

ఈ నియమాలున్నచోటల్లా అంతా బాగుందనుకోకండి. ఎడారి దేశాల్లో చదునైన ఇసుక బాటల మీద, పెద్ద బహుమతుల మీద ఆశతో ఇదే పందేన్ని వేగం పందెంగా మార్చేశారు. కాళ్ళు విరిగి గుర్రాలు చనిపోయిన సంఘటనల మీద గొడవై, 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య అరబ్ ఎమిరేట్స్ సంఘాన్ని కొన్నాళ్ళు సస్పెండు చేసింది. డాక్టరున్నాడు, కొలతలున్నాయి, అయినా అలా జరిగింది. మనదేశంలో 1960 నుంచీ జంతుహింస నివారణ చట్టం ఉంది. 2014 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ ఆపింది. తర్వాత రాష్ట్రాలు చేసుకున్న సవరణలను 2023 మేలో అదే కోర్టు సమర్థించింది. కోర్టు సంగతులు పెద్దలకి వదిలేస్తాను. నా మట్టుకు నేను చెప్పేదొకటే, ముల్లుగర్ర పట్టుకున్న చేతికి బహుమతి ఇవ్వకూడదు. అలాగని పోటీలు బొత్తిగా లేకపోతే ఈ కాలంలో గిత్తని మేపే రైతు ఎంతమంది మిగులుతారు? బ్రెజిల్ దేశంలో మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని ఈ జాతిని మందలు మందలుగా పెంచుకుంటున్నారు. ఇక్కడ గుంటూరు దగ్గర లాం ఫారంలాంటి చోట్ల కాపాడుకోవాల్సి వస్తోంది. రెండు వైపులా నాకు మనసు లాగుతుంది, దాచడం దేనికి.

ఇంకో చిన్న సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. పరుగెత్తి వేడెక్కిన పశువు మీద చన్నీళ్ళు పొయ్యకూడదు, కండలు పట్టేస్తాయి అని మావాళ్ళు గట్టిగా నమ్మేవారు. 1996లో అట్లాంటా ఒలింపిక్సుకి ముందు, ఆ ఎండల్లో గుర్రాలు తట్టుకోగలవా అని పరిశోధన చేశారు. చన్నీళ్ళు ధారాళంగా పొయ్యడమే మేలని తేలింది. నీళ్ళు పోసి, నడిపించి, మళ్ళీ నీళ్ళు పొయ్యాలి. పాతవన్నీ మంచివీ కాదు, అన్నీ చెడ్డవీ కాదు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. నాన్నగారు పోయి ఎనిమిదేళ్ళయింది. మా మేనల్లుడు ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు, అయినా తాత పోలికే. మళ్ళీ ఒక జతను తెచ్చాడు. సరిగ్గా నాలుగు పళ్ళు. భోగి రోజున పక్క ఊళ్ళో పోటీలో దిగి మూడో బహుమతి తెచ్చాడు. కనుమ మర్నాడు ఇంకోచోట ఉంది, ప్రవేశ రుసుము కట్టేశాడు, ఎడ్లని ఎక్కించే వాను కూడా మాట్లాడేశాడు. అన్నయ్య అరుగు మీద కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వద్దనడానికి నోరు రాదు, వెళ్ళమనడానికి మనసు రాదు.

ఆ పొద్దున ఇంకా మంచు విడవలేదు. వాను వాకిట్లో ఆగి ఉంది. అమ్మకి డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ళ నొప్పులు. చేతికర్ర పట్టుకుని సావిట్లోకి నడిచింది. వెనకాలే మేనల్లుడు, వాడి వెనక నేను. ఎడమవైపు గిత్త లేచి నిలబడింది. కుడివైపుది కూడా లేచింది, ఒక్క క్షణం ఆలస్యంగా. అమ్మ కర్ర గోడకి ఆనించి, నా భుజం పట్టుకుని వంగింది. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ఏమంటావు మామ్మా?"

"నువ్వే చూడు. చెయ్యి ఇక్కడ పెట్టు. తొందరపడకు, కాసేపు ఉంచు."

వాడు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. తర్వాత రెండోకాలి మీద పెట్టాడు. లేచి, ఏమీ అనకుండా వాకిట్లోకెళ్ళి వానువాడికి డబ్బులిచ్చి పంపేశాడు. తిరిగొచ్చి పలుపులు విప్పి, జతను మెల్లగా చెరువు వైపు నడిపించుకుపోయాడు. అరుగు మీద అన్నయ్య పేపరు దించి, వాళ్ళు పుంతమలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాడు. అమ్మ మాత్రం, "కుడితిలో తవుడు తక్కువైంది, కాస్త తెచ్చిపెట్టు" అంది నాతో.